ఆర్మ్ వీఎం ఎక్కడ ఆగిందో చూడండి, ర్యాండమ్ ఎందుకు అందలేదో తెలుస్తుంది

తిరుపతిలో మే నెల మధ్యాహ్నం. కరెంటు పోయి వచ్చింది. ఆర్మ్ సర్వర్ లేచింది, దాని మీదున్న డజను వీఎంలూ (వర్చువల్ మెషీన్లూ) ఒక్కసారిగా లేవడం మొదలుపెట్టాయి. పింగ్ కొడితే అన్నీ పలుకుతున్నాయి. ఎస్ఎస్‌హెచ్ మాత్రం ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. కన్సోల్ తెరిచి చూస్తే ఎర్రర్ అంటూ ఏమీ లేదు, ఊరికే ఆగి ఉంది. కాసేపటికి "ర్యాండమ్: సీఆర్ఎన్‌జీ ఇనిట్ డన్" అన్న ఒక్క వరుస పడుతుంది, కెర్నల్ ర్యాండమ్ జెనరేటర్ సిద్ధమైందని. ఆ మరుక్షణం ఎస్ఎస్‌హెచ్ తెరుచుకుంటుంది. ఈ లోపు చాలామంది ఫైర్‌వాల్ రూల్స్ మార్చేసి, బ్రిడ్జ్ తీసి మళ్లీ పెట్టేసి ఉంటారు. తప్పు నెట్‌వర్క్‌ది కాదు. వీఎంకు ర్యాండమ్ నంబర్లు అందలేదు, అంతే.

(కమాండ్లు, ఫైల్ పేర్లు పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మీరు రోజూ కొట్టేట్టే కొట్టండి.)

ముందు ఆ ఆగడం ఏమిటో చూద్దాం. ప్రోగ్రామ్ "గెట్‌ర్యాండమ్" అని కెర్నల్‌ను అడిగితే, లోపలి జెనరేటర్‌కు సరిపడా విత్తనం (సీడ్, అంటే మొదలుపెట్టడానికి కావలసిన ఊహించలేని బిట్లు) పడేదాకా కెర్నల్ జవాబివ్వదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గేటు తీసేదాకా కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టే. తేడా ఏమిటంటే, ఇక్కడ గేటు ఒకసారి తీశాక మళ్లీ రీబూట్ దాకా మూయరు. 256 బిట్ల విత్తనం పడితే చాలు, దాన్నుంచి ఎన్ని ర్యాండమ్ నంబర్లయినా వస్తాయి. కాబట్టి "వీఎంలో ఎంట్రోపీ (ఊహించలేనితనం) అయిపోయింది" అనే మాట ఇప్పటి కెర్నళ్లకు వర్తించదు. అయిపోవడం ఉండదు, మొదట పడకపోవడమే ఉంటుంది.

"ఎంట్రోపీ అవైల్" ఫైల్ చూసి కంగారుపడేవాళ్లు ఇంకా ఉన్నారు. లినక్స్ కెర్నల్ 5.18 నుంచి, విత్తనం పడ్డాక ఆ ఫైల్ ఎప్పుడు చూసినా 256 అనే చెబుతుంది. వెనుకటి కెర్నళ్లలో అది 4096 దాకా పోయేది కాబట్టి 256 చూడగానే తక్కువనిపిస్తుంది. నిజానికి అది నిండు కుండ. ఆ ఫైల్‌ను కనిపెట్టుకుని అలారం మోగించే మానిటరింగ్ స్క్రిప్ట్ ఎక్కడైనా ఉంటే తీసేయండి.

కెర్నల్ వయసును బట్టి జబ్బు వేషం మారుతుంది. 4.19 లాంటి పాత కెర్నల్ ఉన్న ఇమేజ్‌లో పైన చెప్పినట్టు బూట్ ఆగిపోతుంది. 5.4 నుంచి కెర్నల్ తనే సీపీయూ టైమర్ అదురును కొలిచి విత్తనం తయారుచేసుకుంటుంది కాబట్టి అంతసేపు ఆగదు, మామూలుగా ఒకటి రెండు సెకన్లలో తేలిపోతుంది. 5.6లో "డెవ్ ర్యాండమ్" కూడా ఒకసారి తెరుచుకున్నాక ఆగడం మానేసింది. ఇంక సమస్య లేదనుకోకండి. ఆ ఒకటి రెండు సెకన్లకు ముందే ర్యాండమ్ కావలసిన పనులున్నాయి. కెర్నల్ తన చిరునామాను తారుమారు చేసుకోవడం, అదే కేఏఎస్ఎల్ఆర్, అందులో మొదటిది. యూఈఎఫ్ఐ, అంటే కెర్నల్‌ను లేపే ఫర్మ్‌వేర్, చేసే నెట్‌వర్క్ బూట్ (పీఎక్స్ఈ) దానికన్నా ముందే జరుగుతుంది. అక్కడ ర్యాండమ్ అందకపోతే ఆగడమైనా కనబడదు. రక్షణ చడీచప్పుడు లేకుండా పోతుంది, లేదా పీఎక్స్ఈ అర్థంకాకుండా చచ్చిపోతుంది.

ఈ బాధ ఎక్స్86 వాళ్లకు తక్కువ. ఇంటెల్ 2012లో ఐవీ బ్రిడ్జ్‌తోనే ర్యాండమ్ నంబర్లిచ్చే ఆర్‌డీర్యాండ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేసింది. ఆర్మ్‌లో అలాంటి ఇన్‌స్ట్రక్షన్ వీ8.5తో వచ్చింది, అదీ ఐచ్ఛికంగా. చిప్ చేసేవాళ్లు పెట్టవచ్చు, మానవచ్చు. రాస్‌బెర్రీ పై 4లోని కార్టెక్స్ ఏ72లో లేదు, పై 5లోని ఏ76లో లేదు, నియోవర్స్ ఎన్1లో లేదు. అంటే గ్రావిటాన్2లో లేదు, నియోవర్స్ వీ1 మీద కట్టిన గ్రావిటాన్3లో ఉంది. యాపిల్ ఎం1 మీద లినక్స్ వీఎం పెట్టినా కనిపించదు. దీనికి తోడు ఆర్మ్ టైమర్ నెమ్మది. పై 4లో 54 మెగాహెర్ట్జ్, ఎక్కువ బోర్డుల్లో పాతికకు అటూ ఇటూ. గిగాహెర్ట్జ్‌లలో కొట్టుకునే ఎక్స్86 టైమర్ టీఎస్‌సీతో పోలిస్తే అదురు కొలవడం కష్టం. వీఎంకు కీబోర్డ్ లేదు, మౌస్ లేదు, డిస్క్ కూడా ఉత్తుత్తిదే.

మరి ర్యాండమ్ ఎలా రావాలి? కొండకు అలిపిరి మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు ఉంది, ఘాట్ రోడ్డు ఉంది. చేరేది ఒక్కచోటికే అయినా అన్ని దారులూ అన్ని వేళలా తెరిచి ఉండవు. ఆర్మ్ వీఎంకూ అంతే. సీపీయూ ఇన్‌స్ట్రక్షన్ ఒక దారి, హైపర్‌వైజర్‌ను (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) పిలిచే ఫర్మ్‌వేర్ కాల్ ఇంకో దారి, వీఎంల కోసమే చేసిన ఉత్తుత్తి హార్డ్‌వేర్, అదే వర్టియో డివైస్, మూడోది. వీటికి ముందు బూట్‌లోడర్ చేతికిచ్చే విత్తనం వేరే.

సీపీయూ ఇన్‌స్ట్రక్షన్

గెస్ట్‌లో, అంటే వీఎం లోపల (అది నడిచే అసలు మెషీన్ హోస్ట్), "ప్రాక్ సీపీయూఇన్ఫో" తెరిచి ఫీచర్స్ వరుసలో "ఆర్ఎన్‌జీ" అన్న మూడక్షరాల మాట ఉందో లేదో చూడండి. ఉంటే ర్యాండమ్ నంబర్లిచ్చే ఆర్ఎన్‌డీఆర్ రిజిస్టర్ పనిచేస్తోంది. గెస్ట్ కెర్నల్ 5.6 లేదా ఆ పైది అయి ఉండాలి. లినక్స్ హైపర్‌వైజర్ కేవీఎం కింద "సీపీయూ హోస్ట్" అని ఇస్తే చిప్‌లో ఉన్నది గెస్ట్‌కు అలాగే వస్తుంది. చిప్‌లో లేనిదాన్ని ఏ సెట్టింగూ పుట్టించలేదు.

ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద క్యూఎమూతో ఆర్మ్‌ను అనుకరించేవాళ్ల లెక్క వేరు. ఇక్కడి కాలేజీ ల్యాబుల్లో ఎక్కువ ఇదే. అందులో "సీపీయూ మ్యాక్స్" అంటే ఆర్ఎన్‌డీఆర్ ఉంటుంది, "కార్టెక్స్ ఏ72" అంటే ఉండదు. అసైన్‌మెంట్ ఒక మెషీన్‌లో నడిచి ఇంకో మెషీన్‌లో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతే ముందు ఈ ఒక్క ఆప్షన్ పోల్చి చూడండి.

అనుకరణలో ఇంకో మెలిక ఉంది. టెస్టులు ప్రతిసారీ ఒకేలా రావాలని క్యూఎమూకు "సీడ్" ఆప్షన్ ఇస్తుంటారు. ఆ ఆప్షన్ ఉంటే ఆర్ఎన్‌డీఆర్ ఇచ్చే నంబర్లు, డివైస్ ట్రీలో (కెర్నల్‌కు హార్డ్‌వేర్ వివరాలు చెప్పే పట్టికలో) పడే విత్తనం, క్యూఎమూ సొంత ఆర్ఎన్‌జీ బ్యాకెండ్, అన్నీ ప్రతి బూట్‌కూ ఒకే వరుసలో వస్తాయి. టెస్టుకు అది మంచిదే. ఆ స్క్రిప్ట్‌ను కాపీ చేసి అసలు పనికి వాడితే మాత్రం తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే.

ఆర్ఎన్‌డీఆర్‌ను నేరుగా వాడి కోడ్ రాసేవాళ్లకు ఒక మాట. ఈ ఇన్‌స్ట్రక్షన్ విఫలం కావచ్చు. అప్పుడు రిజిస్టర్‌లో సున్నా పడుతుంది, జెడ్ ఫ్లాగ్ ఒకటి అవుతుంది. ఫ్లాగ్ చూడకుండా విలువ తీసుకుంటే ఆ సున్నానే మీ కీ అయి కూర్చుంటుంది. సీలో ఆర్మ్ ఏసీఎల్ఈ హెడర్‌లోని ఆర్ఎన్‌డీఆర్ ఫంక్షన్ వాడితే అది సున్నా తిరిగిస్తే జయం, ఇంకేదైనా ఇస్తే అపజయం. ఫ్లాగ్‌కూ దీనికీ అర్థం తలకిందులు కాకుండా చూసుకోండి. పిలవడానికి ముందు, సీపీయూలో ఏమున్నాయో కెర్నల్ చెప్పే హెచ్‌డబ్ల్యూక్యాప్2లో 16వ బిట్ చూడటం తప్పనిసరి. అది చూడకుండా గ్రావిటాన్3 మీద నడిచిందని గ్రావిటాన్2కు పంపితే ప్రోగ్రామ్ మొదటి అడుగులోనే పడిపోతుంది. 32 బిట్ల గెస్ట్‌కు ఈ దారే లేదు, ఆ రిజిస్టర్ 64 బిట్ల మోడ్‌కే పరిమితం.

హైపర్‌వైజర్‌ను అడగడం

ఇది తెలిసినవాళ్లు తక్కువ. ఉన్నా గమనించరు. ఆర్మ్ ఫర్మ్‌వేర్‌కు టీఆర్ఎన్‌జీ అని ఒక ప్రామాణిక పిలుపు ఉంది. వెర్షన్ అడిగే ఫంక్షన్ నంబర్ హెక్సాలో 84000050. 64 బిట్ల గెస్ట్ నంబర్లు అడిగేది సీ4000053. ఒక్కో పిలుపుకు 192 బిట్లు, 32 బిట్ల గెస్ట్‌కు 96 బిట్లు వస్తాయి. వీఎంలో ఆ పిలుపును ఫర్మ్‌వేర్ బదులు కేవీఎం అందుకుంటుంది. హోస్ట్ కెర్నల్ 5.12 నుంచి ఇది ఉంది. కేవీఎం తన హోస్ట్ కెర్నల్ జెనరేటర్ నుంచే తీసి ఇస్తుంది కాబట్టి చిప్‌లో ఆర్ఎన్‌డీఆర్ లేకపోయినా ఫర్వాలేదు. పై 4 మీద కేవీఎం నడిపేవాళ్లకు ఇది వరం. వాళ్లు ఏ ఆప్షనూ చేర్చాల్సిన పని లేదు.

గెస్ట్ కెర్నల్ కూడా 5.12 లేదా ఆ పైది అయి ఉండాలి. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) పీఎస్‌సీఐ వరుసలు చూస్తే "ఎస్ఎంసీ కాలింగ్ కన్వెన్షన్" వెర్షన్ కనబడుతుంది. అది 1.1 లేదా ఆ పైన ఉంటేనే ఈ పిలుపు సాధ్యం. ఇంకాస్త కొత్త కెర్నళ్లలో ఇది "ఎస్ఎంసీసీసీ టీఆర్ఎన్‌జీ" పేరుతో హార్డ్‌వేర్ జెనరేటర్ల జాబితాలోనూ కనిపిస్తుంది. విత్తనం కావలసినప్పుడు ఆర్మ్ లినక్స్ మొదట ఈ పిలుపునే ప్రయత్నిస్తుంది, అది లేకపోతేనే సీపీయూ రిజిస్టర్‌కు పోతుంది. కేవీఎం లేని చోట, అంటే పూర్తి అనుకరణలో, మ్యాక్ మీద, దీన్ని నమ్ముకోకండి.

వర్టియో డివైస్

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, సరిచేయడం తేలికయ్యేదీ ఇక్కడే. వీఎంకు వర్టియో ఆర్ఎన్‌జీ ఒకటి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి రెండు దారులు పనిచేస్తున్నా సరే, దీని ఖర్చు సున్నా.

క్యూఎమూను నేరుగా నడిపితే రెండు ముక్కలు చేర్చాలి. ఒకటి ఆబ్జెక్ట్: "ఆర్ఎన్‌జీ-ర్యాండమ్", దానికి ఐడీగా "ఆర్ఎన్‌జీ0", ఫైల్‌నేమ్‌గా హోస్ట్‌లోని "/డెవ్/యూర్యాండమ్". రెండోది డివైస్: "వర్టియో-ఆర్ఎన్‌జీ-పీసీఐ", దానికి "ఆర్ఎన్‌జీ=ఆర్ఎన్‌జీ0". మొదటిది పెట్టి రెండోది మరిచిపోతే క్యూఎమూ ఏమీ అనదు, గెస్ట్‌లో ఏమీ కనబడదు. వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో అయితే విర్ష్ ఎడిట్‌తో డివైసెస్ లోపల "ఆర్ఎన్‌జీ" ట్యాగ్, మోడల్ వర్టియో, అందులో బ్యాకెండ్ మోడల్ ర్యాండమ్, విలువ అదే యూర్యాండమ్. విర్ట్-ఇన్‌స్టాల్‌కు ఓఎస్ పేరు సరిగ్గా చెబితే తనే చేరుస్తుంది. తొందరలో "జెనరిక్" అని ఇచ్చి పుట్టించిన వీఎంలలోనే ఇది లోపించి ఉంటుంది.

బ్యాకెండ్‌గా హోస్ట్‌లోని హెచ్‌డబ్ల్యూఆర్ఎన్‌జీని (హార్డ్‌వేర్ జెనరేటర్ ఫైల్‌ను) పెడితే "అసలు సిసలు" ర్యాండమ్ వస్తుందని కొందరి నమ్మకం. వద్దు. అది రూట్‌కు మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి మామూలు యూజర్‌గా క్యూఎమూ నడిపితే పర్మిషన్ డినైడ్ అంటుంది. పైగా అది నెమ్మది, డజను వీఎంలు ఒకేసారి లేస్తే దాని దగ్గర బారులు తీరతాయి. హోస్ట్ యూర్యాండమ్ గేటు తెరుచుకున్నాక దానికన్నా మేలైన బ్యాకెండ్ అక్కర్లేదు. హోస్ట్ బూట్ అయిన వెంటనే వీఎంలు ఆటోస్టార్ట్ అయ్యే చోట మాత్రం హోస్ట్ డీమెసేజ్‌లో "సీఆర్ఎన్‌జీ ఇనిట్ డన్" వరుస సమయం చూసి, మొదటి వీఎం లేచింది దాని తర్వాతేనని నిర్ధారించుకోండి.

ఇప్పుడు గెస్ట్‌లోకి రండి. "సిస్ క్లాస్ మిస్క్ హెచ్‌డబ్ల్యూ ర్యాండమ్" ఫోల్డర్‌లో "ఆర్ఎన్‌జీ అవైలబుల్", "ఆర్ఎన్‌జీ కరెంట్" అని రెండు ఫైళ్లుంటాయి. రెండో దానిలో "వర్టియో ఆర్ఎన్‌జీ.0" ఉంటే మంచిది. "నన్" అని ఉంటే డ్రైవర్ ఎక్కలేదు. తర్వాత డీడీతో "/డెవ్/హెచ్‌డబ్ల్యూఆర్ఎన్‌జీ" నుంచి 64 బైట్లు చదివి ఓడీకి పంపండి. ఇక్కడ వచ్చే ఎర్రర్‌లను జాగ్రత్తగా చదవాలి. "నో సచ్ ఫైల్" అంటే కెర్నల్‌లో హెచ్‌డబ్ల్యూ ర్యాండమ్ విభాగమే లేదు, లేదా ఎక్కలేదు. "నో సచ్ డివైస్" అంటే విభాగం ఉంది, దాని కింద ఏ జెనరేటరూ నమోదు కాలేదు. ఏ ఎర్రరూ లేకుండా చదవడం అలాగే వేలాడితే తప్పు హోస్ట్ వైపు ఉంది: బ్యాకెండ్ ఇవ్వడం లేదు, లేదా ఎవరో "మ్యాక్స్ బైట్స్", "పీరియడ్" పెట్టి మరీ గొంతు బిగించారు. పరిమితి కావాలంటే 1000 మిల్లీసెకన్లకు 1024 బైట్లు ధారాళంగా సరిపోతాయి.

"నో సచ్ డివైస్" వస్తే ఎల్ఎస్‌పీసీఐ చూడండి. వెండర్ 1ఏఎఫ్4, డివైస్ 1005 లేదా 1044 కనిపించాలి. కనబడితే మోడ్‌ప్రోబ్ వర్టియో ఆర్ఎన్‌జీ. కనబడకపోతే, కెర్నల్‌ను చిన్నది చేసుకుని కట్టుకున్నవాళ్లు పీసీఐ జెనరిక్ హోస్ట్ డ్రైవర్ తీసేశారేమో చూడాలి. అలాంటి కెర్నల్‌కు పీసీఐ బదులు "వర్టియో-ఆర్ఎన్‌జీ-డివైస్" ఇస్తే ఎంఎంఐఓ మీదుగా వస్తుంది. నడుస్తున్న వీఎంకు హాట్‌ప్లగ్ చేయాలంటే ఖాళీ పీసీఐఈ రూట్ పోర్ట్ ఒకటి ముందే ఉండాలి, విర్ట్ మెషీన్‌లో అది ఊరికే రాదు.

డ్రైవర్ ఉంది, పనిచేస్తోంది, అయినా బూట్ ఆలస్యమవుతోందా? మాడ్యూల్ ఎక్కే సమయం చూడండి. రూట్ డిస్క్ మౌంట్ అయ్యాక ఎక్కే మాడ్యూల్ వల్ల అంతకు ముందు ఆగేవాటికి లాభం లేదు. డెబియన్, ఉబుంటులలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ మాడ్యూల్స్ ఫైల్‌లో "వర్టియో ఆర్ఎన్‌జీ" అని ఒక వరుస రాసి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడపండి. ఫెడోరా వైపు డ్రాకట్‌కు యాడ్-డ్రైవర్స్ ఇవ్వండి. కెర్నల్ మీరే కడితే మాడ్యూల్‌గా కాకుండా లోపలే కట్టుకోవడం అన్నిటికన్నా మేలు.

మ్యాక్ మీద యాపిల్ వర్చువలైజేషన్ ఫ్రేమ్‌వర్క్ వాడి సొంత టూల్ రాసుకునేవాళ్లు ఎంట్రోపీ డివైస్ కాన్ఫిగరేషన్‌ను చేత్తో చేర్చాలి. కేవీఎం‌టూల్‌లో ఆర్ఎన్‌జీ అనే ఆప్షన్ ఉంది, ఇవ్వకపోతే రాదు.

కెర్నల్ లేవకముందు

డీమెసేజ్‌లో "కేఏఎస్ఎల్ఆర్ డిసేబుల్డ్ డ్యూ టు ల్యాక్ ఆఫ్ సీడ్" అని ఉంటే బూట్‌లోడర్ విత్తనం ఇవ్వలేదన్నమాట. క్యూఎమూ విర్ట్ మెషీన్ కెర్నల్‌ను నేరుగా బూట్ చేస్తే డివైస్ ట్రీలోని చోజెన్ నోడ్‌లో "కేఏఎస్ఎల్ఆర్-సీడ్", "ఆర్ఎన్‌జీ-సీడ్" రెండూ తనే పెడుతుంది. ఎవరో "డీటీబీ-ర్యాండమ్‌నెస్" ఆఫ్ చేసి ఉంటే రావు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బూట్ అయ్యాక ప్రాక్ కింద డివైస్ ట్రీ తెరిచి చూస్తే కేఏఎస్ఎల్ఆర్-సీడ్ అంతా సున్నాలుంటుంది, ఆర్ఎన్‌జీ-సీడ్ అసలు ఉండదు. అది తప్పు కాదు. వాడుకున్నాక కెర్నల్ కావాలనే చెరిపేస్తుంది, ఎవరూ చదవకూడదని. సున్నాలు చూసి క్యూఎమూను తిట్టుకోకండి, డీమెసేజ్ వరుసే ప్రమాణం.

యూఈఎఫ్ఐతో బూట్ చేస్తే విత్తనం ఈఎఫ్ఐ ఆర్ఎన్‌జీ ప్రోటోకాల్ నుంచి వస్తుంది. "ఈఎఫ్ఐ స్టబ్: ఈఎఫ్ఐ ఆర్ఎన్‌జీ ప్రోటోకాల్ అనవైలబుల్" అంటే అది లేదు. ఈడీకే2 ఫర్మ్‌వేర్‌లో వర్టియో ఆర్ఎన్‌జీకి సొంత డ్రైవర్ ఉంది కాబట్టి పైన చెప్పిన ఆ ఒక్క డివైస్ చేరిస్తే లినక్స్ లేవకముందే ఇది కూడా కుదురుతుంది. నేను దాన్ని అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాక పీఎక్స్ఈ బూట్ పనిచేయడం మానేసిందా? 2024 జనవరిలో ఈడీకే2 నెట్‌వర్క్ కోడ్‌లో పిక్సీఫెయిల్ అనే లోపాల గుంపు బయటపడింది. ఊహించగలిగే నంబర్లు వాడటం వాటిలో ఒకటి. సరిచేశాక నెట్‌వర్క్ స్టాక్ ఆర్ఎన్‌జీ ప్రోటోకాల్ లేనిదే కదలనంటోంది. ఆర్ఎన్‌డీఆర్ లేని ఆర్మ్ వీఎంలో వర్టియో ఆర్ఎన్‌జీ కూడా లేకపోతే, నిన్నటిదాకా నడిచిన నెట్‌వర్క్ బూట్ ఈరోజు నడవదు. పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి పోకండి. డివైస్ చేర్చండి.

కెర్నల్ విత్తనాన్ని అందుకుని కూడా లెక్కలోకి తీసుకోకపోవచ్చు. కమాండ్ లైన్‌లో "ర్యాండమ్.ట్రస్ట్ బూట్‌లోడర్", "ర్యాండమ్.ట్రస్ట్ సీపీయూ" రెండూ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. కేవీఎం గెస్ట్ విషయంలో హోస్ట్‌ను నమ్మకపోవడానికి అర్థం లేదు. మెమరీ మొత్తం దాని చేతిలోనే ఉంది.

ఇక హేవ్‌జెడ్, ఆర్ఎన్‌జీడీల మాట, అంటే కెర్నల్‌కు బయటి నుంచి విత్తనం పోసే ప్రోగ్రాముల మాట. 5.4కు ముందు కెర్నల్‌ను వదల్లేని చోట అవి ఉపయోగమే. కొత్త కెర్నల్‌లో జెనరేటర్ నమోదైతే కెర్నల్ లోపలి థ్రెడ్ తనే తీసుకుంటుంది. ఆర్ఎన్‌జీటెస్ట్ నడిపి 20,000 బిట్ల బ్లాకులు వెయ్యింటిలో ఒకటి ఫెయిలైతే భయపడకండి, మంచి జెనరేటర్‌కు కూడా అలా జరుగుతుంది. పదులు ఫెయిలైతే చూడండి.

చివరిగా క్లోనింగ్. ఒకే ఇమేజ్ నుంచి ముప్పై వీఎంలు పుట్టించే ల్యాబుల్లో పై దారులన్నీ సరిగ్గా ఉన్నా, ఇమేజ్‌లోనే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు ఉండిపోతే ముప్పై మెషీన్లకూ ఒకే కీ. ఇమేజ్ తీసేముందు "ఈటీసీ ఎస్ఎస్‌హెచ్" కింద హోస్ట్ కీ ఫైళ్లన్నీ, సిస్టమ్‌డీ ర్యాండమ్-సీడ్ ఫైల్ తొలగించి, మెషీన్-ఐడీని ఖాళీ చేయండి. కీలు తిరిగి పుట్టించే పని మొదటి బూట్‌లో క్లౌడ్-ఇనిట్ చేస్తుంది, అది లేకపోతే "ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఏ" మీరే పెట్టాలి. ఏ పెద్దక్షరం. నడుస్తున్న వీఎం మెమరీ స్నాప్‌షాట్ నుంచి రెండు వీఎంలు లేపడం ఇంకా ప్రమాదం: జెనరేటర్ లోపలి స్థితి రెండిట్లోనూ ఒకటే, తర్వాతి విత్తనం పడేదాకా రెండూ ఒకే నంబర్లు చెబుతాయి. దీన్ని కనిపెట్టే వీఎంజెన్ఐడీ డ్రైవర్ లినక్స్‌లో 5.18లో వచ్చింది. ఆర్మ్ డివైస్ ట్రీతో అది పనిచేయడం 6.10 నుంచి. అంతకన్నా పాత గెస్ట్ అయితే స్నాప్‌షాట్ నుంచి లేచిన వెంటనే హెచ్‌డబ్ల్యూఆర్ఎన్‌జీ నుంచి 32 బైట్లు తీసి "/డెవ్/ర్యాండమ్"లోకి రాసి, రూట్‌గా ఆర్ఎన్‌డీ రీసీడ్ సీఆర్ఎన్‌జీ ఐఆక్టల్ పిలిచి, ఆ తర్వాతే నెట్‌వర్క్ తెరవండి.